కరిచిన చోటు కడిగేవాళ్లు ఆ కథల్లో ఎందుకుండరు?

సంపాదకుల వారికి నమస్కారం.

చచ్చినవాళ్లు లేచి మనుషుల్ని కరిచే జాంబీ సినిమాల మీద, రాక్షస జంతువుల సినిమాల మీద మీ సినిమా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. మేకప్ గురించి, గ్రాఫిక్స్ గురించి చాలా వివరంగా రాశారు. ఆ కథల్లో మనుషుల ఒళ్లు ఎలా పనిచేస్తుంది, జబ్బు ఎలా వస్తుంది, జబ్బుపడ్డవాడి చుట్టూ ఉండేవాళ్లు ఏం చేస్తారు అనేదాని మీద మాత్రం ఒక్క మాట లేదు. దాని గురించి రాయాలనిపించింది. నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. క్యాజువాలిటీలో చేశాను, ఐసీయూలో చేశాను, చివర్లో కుక్కకాటు ఇంజెక్షన్లు ఇచ్చే గదిలో ఉన్నాను. నైట్ డ్యూటీల అలవాటు వల్ల ఇప్పటికీ రాత్రిళ్లు త్వరగా నిద్రపట్టదు. ఆ సమయంలో ఇలాంటి సినిమాలు, సిరీస్‌లు చాలా చూశాను. నాకు అవంటే ఇష్టం. ఇష్టం కాబట్టే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ముందే ఒక సంగతి చెబుతాను. చచ్చినవాడు లేచి నడిచాడంటే నాకే అభ్యంతరమూ లేదు. కథ మొదలవ్వాలంటే ఒక అబద్ధం కావాలి. ఆ ఒక్కటీ నమ్మడానికి సిద్ధపడే మనం సినిమాకి కూర్చుంటాం. నా బాధంతా ఆ తర్వాత వచ్చే అబద్ధాలతో. అవి కథకి అక్కర్లేదు, అయినా వస్తూనే ఉంటాయి. చూడగా చూడగా నాకు అర్థమైంది ఏమిటంటే, వాటిలో ముఖ్యమైనవన్నీ ఒకే చోట పుడుతున్నాయి. ఆ లోకంలో ఎవరూ ఎవరికీ సేవ చేయరు. మంచం మీద ఉన్నవాణ్ణి పక్కకి తిప్పేవాళ్లు లేరు, గాయం కడిగేవాళ్లు లేరు, జ్వరంతో ఉన్నవాడి దగ్గర రాత్రంతా కూర్చునేవాళ్లు లేరు. కాల్చేవాళ్లు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

శవం సంగతి ముందు. ప్రాణం పోయిన కొన్ని గంటల్లో ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ముందు కనురెప్పలు, దవడ, ఆ తర్వాత మెడ, చేతులు, కాళ్లు. అందుకే వార్డులో ఎవరైనా పోతే వెంటనే కళ్లు మూసి, దవడకి కట్టుకట్టి, కాళ్లూ చేతులూ తిన్నగా సర్దేవాళ్లం. ఆలస్యమైతే సర్దడం కష్టం. కండరం ముడుచుకోవడానికే కాదు, ముడుచుకున్నది మళ్లీ వదులవడానికి కూడా ఏటీపీ అనే ఇంధనం కావాలి. ఊపిరి ఆగాక ఆ ఇంధనం తయారవదు, కండరం పట్టు వదలదు. ఒకటి రెండు రోజులకి వదులవుతుంది గానీ, అది బలం తిరిగొచ్చి కాదు, కుళ్లడం మొదలై. ఈలోపే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక రోజు తిరిగేసరికి పురుగులు వస్తాయి. వేడిగా ఉండే చోట ఆరుబయట పడి ఉన్న శవం కొన్ని వారాల్లోనే ఎముకలగూడు అవుతుంది. సిరీస్‌లలో మాత్రం అవే శవాలు ఏళ్ల తరబడి ఎండలో వానలో తిరుగుతూ తలుపులు బద్దలు కొడుతుంటాయి.

1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'కి ఈ చిక్కు రాలేదు. ఆ కథ ఒక్క రాత్రిలో నడిచి తెల్లారేసరికి అయిపోతుంది. అదే కథని సీజన్ల తర్వాత సీజన్లు సాగదీయాలనుకున్నప్పుడే చిక్కు. 2002లో డానీ బాయిల్ తీసిన '28 డేస్ లేటర్'లో దీనికి మంచి దారి వెతికారు. అందులో ఉన్నవి శవాలు కావు, వైరస్ సోకిన బతికున్న మనుషులు. వాళ్లు తిండి తినరు, కాబట్టి చివరికి చిక్కిపోయి, లేవలేక చచ్చిపోతుంటారు. అది చూసి నాకు చాలా సంతోషమేసింది. తాను చెప్పిన అబద్ధానికి తానే కట్టుబడటం అంటే అదీ.

అలాంటి సినిమాలో కూడా, మొదట్లోనే, నేను ఒప్పుకోలేని దృశ్యం ఒకటి ఉంది. హీరో ఖాళీ ఆసుపత్రిలో కోమా నుంచి కళ్లు తెరుస్తాడు. ఊళ్లో మనిషన్నవాడు లేడు. ట్యూబులు పీకేసుకుని లేచి నడుస్తాడు. 2010లో మొదలైన 'ది వాకింగ్ డెడ్' సిరీస్‌లోనూ ఇదే. తుపాకీ గుండు తగిలి ఆసుపత్రిలో పడి ఉన్నవాడు స్పృహలోకి వస్తాడు, పక్కన పూలు ఎండిపోయి ఉంటాయి, అతను మాత్రం తూలుతూనైనా బయటికి నడుస్తాడు. ప్రేక్షకులకి అది చాలా నచ్చే ప్రారంభం, ఎందుకు నచ్చుతుందో నాకూ తెలుసు. కానీ నేను ఆ మంచం వైపే చూస్తూ ఉండిపోయాను. ఇన్ని రోజులూ ఇతన్ని ఎవరు చూసుకున్నారు?

అర లీటరు సెలైన్ సీసా కొన్ని గంటల్లో అయిపోతుంది. దాన్ని ఎవరూ మార్చకపోతే, నీళ్లు లేని మనిషి కొద్ది రోజులకి మించి బతకడు. కోమాలో ఉన్నవాడు సొంతంగా పక్కకి తిరగలేడు. రెండు గంటలకొకసారి మేం తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర, భుజాల వెనక చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత ఎముక కనిపించేంత పుండు పడుతుంది. నోట్లో చేరే ఉమ్మిని తీయకపోతే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. మూత్రం పోయే గొట్టం (క్యాథెటర్) చూడాలి, మలం శుభ్రం చేయాలి, కళ్లు ఎండిపోకుండా చుక్కలు వేయాలి, పాదాలు వాలిపోకుండా ఆధారం పెట్టాలి. ఒక్క రోగికి ఒక్క రోజులో ఇంత పని ఉంటుంది. దీన్నంతా ఆ సినిమాలు తుడిచేశాయి. మంచం, మనిషి, ట్యూబు మిగిలాయి. చేసినవాళ్లు లేరు.

ఇక నడక. ఐసీయూలో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ల తొడ కండరం పది రోజుల్లోనే దాదాపు 18 శాతం తగ్గిపోయిందని 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో కొలిచి చెప్పారు. వారాల తరబడి పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మేం మొదటి రోజు చేయించేది నడక కాదు. మంచం తల వైపు కాస్త ఎత్తుతాం. అది తట్టుకుంటే ఇద్దరం చెరోవైపు పట్టుకుని, కాళ్లు కిందికి వేలాడేలా మంచం అంచున కూర్చోబెడతాం. అయిదు నిమిషాలు కూర్చోగలిగితే ఆ రోజుకి అది పెద్ద విజయం. ఆ అయిదు నిమిషాల కోసం చెమటలు కక్కి, కన్నీళ్లు పెట్టుకున్న గట్టి మనుషుల్ని చూశాను. అది కూడా సినిమాలో పెట్టదగ్గ దృశ్యమే అని నా నమ్మకం.

సినిమాయే కదా, పోనివ్వండి అని మీరు అనొచ్చు. నేను పోనివ్వలేకపోవడానికి కారణం ఐసీయూ బయట బెంచీల మీద కూర్చునే బంధువులు. "కళ్లు తెరిచాడు కదా సిస్టర్, రేపు ఇంటికి తీసుకెళ్లిపోవచ్చా?" అని ఆశగా అడుగుతారు. కోమా అంటే వాళ్లకి తెలిసింది తెర మీద చూసిందే. అందులో కళ్లు తెరవడమంటే కథ సుఖాంతం. నిజంలో కళ్లు తెరవడం చాలా పొడవైన దారికి మొదలు, ఒక్కోసారి కళ్లు తెరిచి ఉన్నా మనిషి లోపల లేచి ఉండడు. ఆ మాట వాళ్లకి ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కేది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో మెదడు, నరాల డాక్టరు ఎల్కో విడిక్స్ ఈ విషయం మీద 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1970 నుంచి 2004 దాకా వచ్చిన సినిమాల్లో కోమాని చూపించిన 30 సినిమాలు తీసుకుని చూస్తే, దాదాపు సరిగ్గా చూపించినవి 2 మాత్రమే. మామూలు ప్రేక్షకుల్ని కొందరిని కూర్చోబెట్టి ఆ దృశ్యాలు చూపిస్తే, తమ సొంత మనిషికి అలాంటి పరిస్థితి వస్తే వీటిని బట్టి నిర్ణయం తీసుకునే అవకాశం ఉందని 39 శాతం మంది చెప్పారు. వెంటిలేటర్ ఉంచాలా తీయాలా అనే నిర్ణయాలవి. అలాంటి చోట సినిమా మాట చెల్లుతోందంటే నాకు భయమేస్తుంది.

తల మీద తుపాకీ మడమతో కొడితే గంటసేపు పడిపోయి, లేచాక తల రుద్దుకుంటూ పరిగెత్తడం కూడా ఇంతే. దెబ్బ తగిలి కొద్ది నిమిషాలకి మించి స్పృహ రాలేదంటే మెదడుకి గాయమైందని అనుమానించి స్కాన్‌కి పరిగెత్తిస్తాం. మూసిన గదిలో తుపాకీ పేలాక చెవులు గింగురుమంటుంటే వెంటనే గుసగుసలాడుకోవడం, ఏళ్ల తర్వాత కూడా దొరికిన బండిలో పాత పెట్రోలు మండటం, హీరోయిన్ సరిగ్గా రాక్షసుడి ముందే కాలు జారి పడటం, చీకటింట్లో "మనం విడిపోయి వెతుకుదాం" అనడం, ఇవన్నీ మీ పాఠకులకి నాకంటే బాగా తెలుసు. వాటితో నాకు పెద్ద పేచీ లేదు.

రాక్షస జంతువుల గురించి మాత్రం కొంచెం చెప్పాలి. మంచం పట్టిన మనిషికి పెద్ద శత్రువు సొంత బరువే అని నర్సులందరికీ తెలుసు. ఆ పుండ్లు పడేది అందువల్లే. ఆ దృష్టితో ఈ జంతువుల్ని చూస్తే జాలేస్తుంది. శరీరం పెద్దదయ్యేకొద్దీ బరువు పెరిగినంతగా బలం పెరగదని గెలీలియో 1638లోనే రాశాడు. మనిషిని ఎత్తు, వెడల్పు, మందం మూడింట్లోనూ పది రెట్లు చేశామనుకోండి. బరువు వెయ్యి రెట్లవుతుంది. ఎముక అడ్డుకోత మాత్రం వంద రెట్లే అవుతుంది. అంటే ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరూ ముందుకంటే పది రెట్లు బరువు మోయాలి. అంత బరువుకి తొడ ఎముక విరుగుతుంది, అలాంటి రాక్షసుడు అడుగు వేసిన ప్రతిసారీ తొడలు విరగ్గొట్టుకుంటాడు అని జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1920లలో ఒక వ్యాసంలో వివరించారు. 1954 నాటి జపాన్ సినిమాలో వచ్చిన రాక్షస జంతువు, మొదటి గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. పరిగెత్తడం, భవనాల మీదికి దూకడం తర్వాత, లేచి నిలబడటమే దానికి సాధ్యం కాదు. నేల మీద తిరిగే జంతువుల్లో అన్నిటికంటే బరువైన ఏనుగు ఎగిరి దూకలేదు. కాళ్లు స్తంభాల్లా తిన్నగా పెట్టుకుని ఆ బరువు మోస్తుంది. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరగగలిగిందంటే నీళ్లు దాన్ని తేల్చి ఉంచుతాయి కాబట్టి. ఒడ్డున పడిన తిమింగలానికి తన బరువే ఊపిరితిత్తుల్నీ అవయవాల్నీ నొక్కేస్తుంది.

బస్సంత చీమలు, ఇల్లంత సాలీళ్లు వచ్చే సినిమాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. చీమల్లాంటి పురుగులకి మన లాంటి ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కన ఉండే రంధ్రాల నుంచి సన్నని గొట్టాల ద్వారా గాలి నేరుగా లోపలి కణాలకి చేరుతుంది. ఒళ్లు పెద్దదైతే గాలి లోపలిదాకా వెళ్లలేదు. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట, గాలిలో ఆక్సిజన్ ఇప్పటికంటే ఎక్కువగా ఉన్న కాలంలో, తూనీగ లాంటి మెగాన్యూరా అనే పురుగు రెక్కలు విప్పితే ముప్పావు మీటరు లోపే ఉండేది. మనకి తెలిసిన పురుగుల్లో అతి పెద్దవాటిలో అదొకటి. అయినా ఈ అబద్ధాల్ని నేను సులువుగా క్షమిస్తాను. గాడ్జిల్లా సినిమా చూసి ఎవరూ తమ ఇంట్లో రోగి విషయంలో నిర్ణయం తీసుకోరు. పిల్లలు చూసి ఆనందిస్తారు, ఇంకాస్త పెద్దయ్యాక గెలీలియో లెక్క చెబితే ఇంకా ఆనందిస్తారు.

కాటు విషయం అలా కాదు. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

జాంబీ కథల్లో కాటు అంటే తీర్పు. కరిచాడా, అయిపోయింది. పది పన్నెండు సెకన్లలో కాటు పడ్డవాడే జాంబీగా మారి, కళ్లు ఎర్రబడి మీద పడతాడు. లేదంటే కరిపించుకున్నవాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కుని ఆ సంగతి దాస్తాడు. కథ మధ్యలో బయటపడుతుంది. అప్పుడు అన్నో స్నేహితుడో ఏడుస్తూ తుపాకీ ఎత్తుతాడు. ఈ దాచడం ఎన్ని సినిమాల్లో చూశానో లెక్కలేదు. చూసే పిల్లలకి దాన్నుంచి అందే పాఠం ఒక్కటే. కాటు పడితే చెప్పకు, చెబితే నీవాళ్లే నిన్ను వదిలేస్తారు.

కాటుతో ఒంట్లోకి చేరి, మెదడుకెక్కి, మనిషిని మార్చేసే జబ్బు నిజంగానే ఒకటుంది. అది రేబిస్. జాంబీ కాటులో నాకు అడుగడుగునా దాని ఛాయ కనిపిస్తుంది. నోటి నురగ, చూపులో ఆ కలవరం, కరవబోయే తీరు అన్నీ అక్కడివే. ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా. మనుషులకి వచ్చే కేసుల్లో నూటికి 99 దాకా కుక్క కాటు వల్లే. లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇంత భయంకరమైన జబ్బులో ఒక గొప్ప దయ ఉంది. అది టైమ్ ఇస్తుంది. కాటు పడ్డాక వైరస్ నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతుంది. మామూలుగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారం, అరుదుగా ఏడాది. ఆ లోపల మనం చేయవలసినవి చేస్తే మనిషి బతుకుతాడు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా టీకా మొదలుపెట్టాలి. చర్మం తెగేలా కరిచి ఉంటే గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే యాంటీబాడీల మందు) ఎక్కించాలి. లూయీ పాశ్చర్ 1885 జులైలో తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి మొదటిసారి ఆ టీకా వేయించినప్పటి నుంచి కాటు అనేది మరణశిక్ష కాకుండా పోయింది. సినిమాలు మాత్రం 1885కి ముందే ఆగిపోయాయి.

ఒక పిల్లాడి గురించి చెప్పాలి. పన్నెండు పదమూడేళ్లు ఉంటాయి. కుక్క కరిస్తే ఇంట్లో తిడతారని చెప్పలేదు. చిన్న గాటే కాబట్టి అదే మానిపోయింది. కొన్ని వారాల తర్వాత జ్వరం, గాటు పడ్డ చోట మంట, ఆ తర్వాత నీళ్లు మింగబోతే గొంతు పట్టేయడం. అప్పుడు తీసుకొచ్చారు. అప్పటికి మా చేతుల్లో ఏమీ లేదు. అతను ఏ సినిమా చూసో దాచాడని నేను అనడం లేదు, తిట్లకి భయపడ్డాడు, అంతే. కానీ కాటుని దాచడం అంటే ఏమిటో, అది ఎంత ఖరీదైన మౌనమో ఆ రోజు చూసినదాన్ని. దాన్ని థ్రిల్ కోసం మళ్లీ మళ్లీ వాడుకుంటుంటే, దాచకుండా చెప్పి బతికిన మనిషిని ఒక్కసారైనా చూపించకపోతే, నాకు కోపం వస్తుంది. ఇంజెక్షన్ గదిలో నేను చూసినవాళ్లలో దాదాపు అందరూ కాటు పడ్డ రోజే వచ్చినవాళ్లు, టీకాలు వేయించుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లు. వాళ్ల కథ ఎవరూ తీయరు.

ఆ పిల్లాడి గది దగ్గర ఇంకొకటి చూశాను. చుట్టాలు గుమ్మం దాటి లోపలికి రాలేదు. కరుస్తాడేమోనని, తాకితే తమకీ వస్తుందేమోనని భయం. రేబిస్ మనిషి నుంచి మనిషికి కాటు ద్వారా వచ్చినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. నిర్ధారణ అయినవి అవయవ మార్పిడి వల్ల వచ్చినవి. జాగ్రత్తలు తప్పకుండా తీసుకోవాలి. గ్లవ్స్, మాస్క్, గౌను, కళ్లకి అద్దాలు వేసుకుంటే పక్కన కూర్చోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. తల్లికి అవన్నీ తొడిగి లోపలికి తీసుకెళ్లాను. ఆమె చివరిదాకా అక్కడే ఉంది. ఈ పని చేయడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, కొంచెం తెలిసి ఉంటే చాలు. తెర మీద రోగి కనపడగానే గొలుసులూ తుపాకులూ బయటికి తీయడం చూసి చూసి ఆ కొంచెం కూడా మనకి అందడం లేదు.

పది సెకన్లలో మారిపోయే జబ్బు ప్రపంచమంతా పాకడం కూడా జరిగే పని కాదు. అది సోకినవాడు విమానం ఎక్కలేడు, పక్క వీధి దాకా ఏమీ తెలియనట్టు వెళ్లలేడు. జబ్బులు దూరం వెళ్లేది బాగానే ఉన్నట్టు కనిపించే మనుషుల మీద. కరోనాలో లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ ఇతరులకి అంటుకునేది. దానితో ప్రపంచం ఎంత అవస్థ పడిందో అందరం చూశాం.

ఇలాంటి సినిమాల్లో మొదట కూలేది ఎప్పుడూ ఆసుపత్రే. కారిడార్లో రక్తం, గోడల మీద చేతి గుర్తులు, నర్సు యూనిఫారంలో ఒక జాంబీ. మిగతా మనుషులు గంటల్లో దొంగలై, హంతకులై ఒకరినొకరు తొక్కుకుంటారు. దీని గురించి కూడా చదివాను. విపత్తుల్లో మనుషులు ఎలా ప్రవర్తిస్తారని జీవితాంతం పరిశోధించిన సామాజికవేత్త ఇ.ఎల్. క్వారంటెల్లి, 1963లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విపత్తుల పరిశోధన కేంద్రాన్ని స్థాపించినవారిలో ఒకరు. సినిమాల్లో చూపించే మూకుమ్మడి పానిక్ నిజమైన విపత్తుల్లో చాలా అరుదని ఆయనా, ఆయన తర్వాతివాళ్లూ మళ్లీ మళ్లీ చూశారు. భూకంపమో వరదో వస్తే శిథిలాల్లోంచి మనుషుల్ని ముందు బయటికి లాగేది ఎక్కువగా పక్కింటివాళ్లే. 2014 నుంచి 2016 దాకా గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో వచ్చిన ఎబోలాలో 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఐదు వందల మందికి పైగా ఆరోగ్య సిబ్బంది. తాకితే అంటుకుంటుందని తెలిసీ తాకినవాళ్లు వాళ్లు. నేను కరోనా మొదటి నెలల్లో డ్యూటీలో ఉన్నాను. భయం లేదని చెప్పను, అందరికీ టెన్షనే. అయినా షిఫ్టు టైముకి వార్డు తలుపు దగ్గర పీపీఈ కిట్టు వేసుకుంటూ పక్కవాళ్ల జిప్పు సరిచేసేవాళ్లు ఉండేవారు. ఆసుపత్రి పడిపోయినప్పుడు కూడా లోపల ఎవరో ఒకరు పనిచేస్తూనే ఉంటారని చూపించడానికి ఈ రచయితలకి ఏం అడ్డు?

భయం తగ్గిపోతుందని వాళ్లు అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. పన్నెండు సెకన్లలో తేలిపోయే కాటులో భయపడటానికి సమయమే లేదు. దాని బదులు ఇలా ఊహించండి. ఒక అమ్మాయిని కరిచింది. ఆమె వెంటనే చెప్పింది. తోడున్నవాళ్లు గాయం కడిగారు. జబ్బు పట్టుకుందో లేదో తెలియడానికి మూడు రోజులు ఆగాలి. ఉన్నది ఒకే గది. మూడు రోజులూ ఆమె దగ్గర ఎవరు కూర్చోవాలి? జ్వరం వస్తే అది మామూలు జ్వరమా, అదా? కూర్చున్నవాడు నిద్రపోవచ్చా? ఆమె నీళ్లు అడిగితే దగ్గరికి వెళ్లి ఇవ్వాలా, దూరం నుంచి తోయాలా? ఐసీయూ బయట బెంచీ మీద ఒక్క రాత్రి గడిపినవాళ్లు ఎవరైనా సరే ఈ మూడు రోజుల భయం ఎలా ఉంటుందో చెప్పగలరు. తుపాకీ ఒక్కసారి పేలితే ఆ భయమంతా అక్కడితో అయిపోతుంది.

ఈ సినిమాలకి మంచి చేసే శక్తి కూడా ఉందని నమ్మే నేను ఇదంతా అడుగుతున్నాను. 2011 మేలో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, జాంబీలు వస్తే ఏం చేయాలి అనే పేరుతో తుఫాన్లకీ భూకంపాలకీ ఎలా సిద్ధపడాలో రాసింది. నీళ్లు, మందులు, టార్చి, ఇంట్లోవాళ్లందరూ కలుసుకునే చోటు ముందే అనుకోవడం, ఇవే అందులో సంగతులు. చదవడానికి ఎగబడిన జనంతో వాళ్ల పేజీయే కుప్పకూలింది. అవే సూచనలు ఏళ్లుగా ఇస్తున్నా ఎవరికీ పట్టలేదు. జాంబీ పేరు చెప్పగానే చదివారు. అంతగా వినేవాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడు, వాళ్లకి గాయం కడగడం కూడా చూపించవచ్చు. అర నిమిషం పట్టే దృశ్యం అది.

మీ పత్రికకి నా మనవి ఒకటుంది. ఇలాంటి సినిమా వచ్చినప్పుడు సమీక్ష రాసేవారు గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో రాసినట్టే, జబ్బునీ గాయాన్నీ ఎలా చూపించారో కూడా ఒక పేరా రాయాలి. తెలియకపోతే ఒక డాక్టర్నో నర్సునో అడిగి రాయాలి. ఈ కథలు రాసే కుర్రవాళ్లు మీ పేజీ చదువుతారని నాకు తెలుసు. వాళ్లని క్యాజువాలిటీకి రమ్మనండి, అనుమతి తీసుకుని ఒక రాత్రి ఓ మూల కూర్చోమనండి. కాటుతో వచ్చినవాణ్ణి మేం మొదట ఏం అడుగుతామో, వాడి చేతులు ఎలా వణుకుతుంటాయో, తోడు వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడతారో చూసుకుని రాసుకోమనండి. అర్థంకానిది ఏదైనా ఉంటే డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడగమనండి. పని మధ్యలో అయినా చెబుతారు.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు